గుర్రంతో ఆటకట్టు

దర్ఖాన్ పట్నంలోని మా తోలు కోట్ల ఫ్యాక్టరీలో ఖోర్లో అక్క గొర్రెతోలు కోస్తుంటే పక్క బల్ల దగ్గర నుంచి పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను. అరచేత్తో ఒక్కసారి నిమిరి ఎక్కడ పలచనో, ఎక్కడ మచ్చో పట్టేస్తుంది. ఆ తర్వాత కత్తి ఆగదు. యాభై ఆరేళ్ల మనిషి ఫోన్లో మూడు నిమిషాల చదరంగం మొదలుపెట్టిందని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ చేతులు నాకు తెలుసు కదా!

"అక్కా, ఆటలో చూడాల్సింది గడియారాన్ని. గొర్రెతోలును చూసినట్టు తీరిగ్గా చూస్తే ఎలా?" అన్నాడు మా చదరంగం జట్టు నాయకుడు, ఇంజనీరు దావాసంబు.

"నీ కోటు చేతులు రెండూ ఒకే పొడుగున్నాయంటే నేను గొర్రెతోలును తీరిగ్గా చూడబట్టేరా!"

ఫ్యాక్టరీల ఆన్‌లైన్ పోటీకి మా జట్టులో ఒక్క చోటే మిగిలింది. వేసవిలో నాదం పండుగ సెలవులకు ముందు శుక్రవారం, భోజనం గంట ముగిసేలోగా రేటింగు పద్దెనిమిది వందలు అందుకున్నవాళ్లకు అది దక్కుతుంది. లేదంటే ఆ చోటు ఖాళీగానే వదిలేస్తామన్నాడు దావాసంబు. చిన్నప్పుడు బడి జట్టులోకి పిలిస్తే, మందలో పాలు పిండే మరో మనిషి లేక ఖోర్లో అక్క వెళ్లలేకపోయింది. "ఒక్కసారి నా పేరు జట్టు కాగితం మీద చూసుకోవాలే," అంది నాతో.

ఒక్క శీతాకాలంలో పద్నాలుగు వందల నుంచి పదిహేడు వందల యాభైకి ఎగబాకింది. అక్కడ ఆగిపోయింది. మూడు నెలలు అంతే. గెలవాల్సిన ఆటల్లో సమయం అయిపోయి ఓడేది.

ఒకనాడు వెనక నిలబడి చూస్తున్న దావాసంబు గావుకేక పెట్టాడు. "అక్కా, గుర్రం! గుర్రం దూకితే ఆటకట్టేగా!"

"గుర్రంతోనా?" అంది, వాడేదో బూతు మాట అన్నట్టు.

వాడు పట్నంలో అపార్ట్‌మెంటులో పుట్టినవాడు. వాడికేం తెలుసు? మందలు మేసే మైదానంలో మా పెద్దలు నేర్పిన చదరంగం షతార్. అందులో గుర్రం రాజును బెదిరించవచ్చు గానీ, ఆఖరి దెబ్బ మాత్రం కొట్టకూడదు. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఆ ఎత్తు నాకూ కనిపించలేదు.

"కనబడక కాదే," అంది అక్క ఆ సాయంత్రం బస్సులో. "చూసి నా కన్నే పక్కకు తిరిగిపోతోంది. నాన్న ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది."

ఆ మర్నాటి నుంచి వేగం ఆటలు మానేసింది. ఉప్పు టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, గుర్రంతో ముగిసే చిక్కులే ఒక్కొక్కటిగా విప్పుతూ కూర్చునేది. గడియారం లేదు, తొందరా లేదు. "ఇలాగైతే ఎప్పటికి అందుకుంటావ్?" అని నేనంటే, "కత్తి పట్టిన మొదటేడు రోజుకు రెండు తోళ్లే కోశాను. ముందు చెయ్యి నమ్మాలి. వేగం దానంతటదే వస్తుంది," అంది. నెల తిరిగేసరికి మళ్లీ మూడు నిమిషాల ఆటకొచ్చింది. వేళ్లు ఎక్కడా తడబడటం లేదు.

ఆ శుక్రవారం ఆమె రేటింగు పదిహేడు వందల తొంభై మూడు. ఒక్క ఆటకే వ్యవధి ఉంది. ఎదుట ఎవరో బ్రెజిల్ మనిషి. మేమంతా చుట్టూ మూగాం. తొమ్మిది సెకన్లు మిగిలి ఉండగా అతని రాజు మూలకు చేరాడు. గుర్రం సిద్ధంగా ఉంది. అక్క బొటనవేలు గాలిలో ఆగింది. ఏడు. ఆరు.

వేలు దిగింది. గుర్రం దూకింది. పద్దెనిమిది వందల ఒకటి!

నలభై ఏళ్లకు పైగా కంటికి అడ్డుపడ్డదాన్ని ఆ మనిషి మూడు సెకన్లలో దాటేసింది. అందరం అరుస్తున్నాం. ఆమె మాత్రం కళ్లు తుడుచుకుంటూ కిటికీ దగ్గరకు వెళ్లి తండ్రికి ఫోన్ చేసింది. ఎనభై మూడేళ్ల త్సెదెవ్‌కు చెవులు సరిగా వినబడవు కాబట్టి స్పీకర్ పెట్టింది.

"నాన్నా, గుర్రంతో రాజును కొట్టాను."

అవతల గాలి హోరు. గొర్రెల అరుపులు.

"ఎవడి రాజు?"

"బ్రెజిల్ వాడిది."

"వాళ్ల ఆటలో అలా కొట్టొచ్చా?"

"కొట్టొచ్చు నాన్నా."

"మరి వాడు తెలిసే కూర్చున్నాడు కదా! దానికి ఏడుస్తావెందుకు? ఆదివారం నా దగ్గరికి రా. నా రాజును ఎలా కొడతావో చూస్తా." మళ్లీ తనే అడిగాడు. "జట్టులో నీ పేరు రాశారా?"

"రాస్తున్నారు."

"నీ పేరుకు ముందు నా పేరుందో లేదో చూడు. వట్టి ఖోర్లో అంటే ఎవరి కూతురనుకుంటారు?"

దావాసంబు కాగితం మీద అప్పటికే 'ఖోర్లో' అని రాసేశాడు. పెన్ను తీసి, ఆ పేరుకు ముందున్న కాస్త చోటులో ఇరికించి 'త్సెదెవ్' అని రాశాడు.