అడవిలో పాతిన గ్లాసులు

ఈ శుక్రవారం ఉదయం పదీ ఇరవైకి ఆరోగ్య కార్యకర్త మా వీధిలోకి వచ్చింది. గుమ్మం పక్క కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు చూసి, "నీళ్ళు నిలవుంటే దోమలు పుడతాయమ్మా, వారానికోసారి ఒంపేయాలి" అంటూ తనే ఒంపేసి పక్కింటికి వెళ్ళింది. శ్రీకాకుళంలో శుక్రవారాలు ఇది మామూలే. నాకు మాత్రం ఆ తడి నేల చూడగానే మా పిన్ని గుర్తొచ్చింది.

మా ఆయన ఇక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. నేల మీద పరిగెత్తే పెంకు పురుగులంటే ఆయనకు ఇష్టం. నాలాంటివాళ్ళకు పురుగంటే పురుగే. ఆయనకు ఒకటి అడవిది, ఒకటి తోటది. పెద్ద తుఫాను వచ్చిపోయిన మరుసటి వానాకాలం, శృంగవరపుకోట దాటాక కొండవారనున్న మా పిన్ని జీడితోటకు నన్ను వెంటబెట్టుకు వెళ్ళారు. తోటను ఆనుకునే అడవి. ఒకప్పుడు ఆ తోటా అడవే, కొట్టేసి జీడి వేశారు. రెండుచోట్లా ప్లాస్టిక్ గ్లాసులను అంచు నేలకు సమానంగా పాతి, అడుగున కాస్త ఉప్పునీళ్ళు పోసి, వాన పడకుండా రెండు పక్కలా రాళ్ళు పెట్టి వాటి మీద తాటాకు ముక్కలు కప్పారు. అటుగా వచ్చిన పురుగులు వాటిలో పడతాయి. వారం వారం వెళ్ళి ఎక్కడ ఎన్ని రకాలు పడ్డాయో చూడాలి. అడవిలోనే ఎక్కువ రకాలుంటాయని ఆయన నమ్మకం. నా పని గొడుగు పట్టడం.

జరిగింది వేరు. తోట గ్లాసుల్లో నల్లవి, పచ్చగా మెరిసేవి, వీపున పసుపు చుక్కలున్నవి. అడవి గ్లాసుల్లో ఒకటో అరో. కొన్నిటిలో నీళ్ళే లేవు. "తోటలో ఎక్కువేటి? అడవిలో తక్కువేటి?" తిరుగు బస్సులోనూ అదే మాట, అన్నం ముందు కూర్చున్నా అదే మాట.

మా ఆయనను పిన్ని 'బావు' అనే పిలిచేది. ఆ వానాకాలం చివర్లో ఒకరోజు మాకు టీ ఇస్తూ అంది: "అడివి దారిలో ఎవులో తాగేసి గ్లాసులు పాతెట్టి పోతన్నారు బావూ. నీళ్ళుంటే దోమలని నర్సమ్మ సెప్పింది గదా, పుల్లలకెల్లినప్పుడల్లా ఒంపేస్తన్నాను. గోతిలో మేకల కాలు పడతాదని మళ్ళీ అక్కడే ఎట్టేస్తన్నాను."

ఆయన టీ కింద పెట్టారు. "అత్తా, అవి నావి."

"నీవా? నీవి తోటలోవి గదా! తాటాకు కూడా కప్పినారు, తాగుబోతులైనా ఎంత సుబ్బరమో అనుకున్నాను."

"అందులో పురుగులో?"

"సచ్చినవి పారబోసినాను, బతికినవి పోనాయి. నానేటి సూసినానా?"

ఆయన నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ తరవాత తికమక ఇంకా పెరిగింది. ఎన్నిసార్లు ఒంపిందో పిన్నికే గుర్తు లేదు. కానీ ఆమె ఎక్కని కొండ పైభాగంలోని గ్లాసుల్లోనూ రకాలు తక్కువే. ఎండ తగిలే ఖాళీ నేలకు ఎక్కడెక్కడి పురుగులూ చేరతాయనీ, అడవివి కొన్నే అయినా మరోచోట బతకలేవేమోననీ ఒకరోజు ఆయన అన్నారు. తుఫానుకు చెట్లు కూలి ఆ అడవి కూడా అడవిలా లేదేమోనని ఇంకోరోజు అన్నారు. నాకు రెండూ నిజమే అనిపించాయి. "వచ్చే వానలకి మళ్ళీ పాతుదాం. ఈసారి అత్తకి చూపించి పాతుదాం" అన్నారు. వానలు రాకముందే, ఎండల్లో, గుండెపోటుతో పోయారు.

పెద్దకర్మ నాడు పిన్ని నన్ను పెరట్లోకి పిలిచింది. "ఒలే, నిజం సెప్పు. నాను ఒంపేసినానని బావు బెంగెట్టుకున్నాడేటి?"

"లేదు పిన్నీ. నవ్వారు కదా" అన్నాను. అది ఎలాంటి నవ్వో నాకూ తెలియదు. ఇప్పటికీ తెలియదు.

మొన్నటి వానల్లో తోటకు వెళ్ళాను. గట్టు మీద తుప్పలు పెరిగి, తోట ఎక్కడ అయిందో అడవి ఎక్కడ మొదలైందో పోల్చలేకపోయాను. దారిలో, మేము తియ్యడం మరిచిన గ్లాసొకటి కనిపించింది. తాటాకు లేదు. అంచుదాకా వాననీళ్ళు, వాటిలో దోమపిల్లలు. ఒంపబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. బావుది."

ఇంట్లో శుక్రవారం వచ్చిందంటే చెంబుతో సహా అన్నీ బోర్లిస్తుంది. అడవి దారిలో మాత్రం మా పిన్ని ఇప్పుడు ఏ గ్లాసునూ ఒంపదు.