పడవకు రెండు చెంచాల తోడంటు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో రాసి, ఆ పేజీని పక్క పేజీకి అన్నం మెతుకులతో అతికించేశాను. మా పెద్దమ్మ ముక్కు నీలంగా మారిన రోజున, అలా అవుతుందని నాకు ముందురోజు సాయంత్రమే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. తీర్పు చెప్పే ముందు కాస్త కూర్చోండి.

నాందేడ్‌లో గోదావరి దగ్గర మా ఇల్లు. ఇంట్లో బాపు, నేను. అమ్మ పోయి మూడేళ్లు. అప్పటినుంచి మా ఇంట్లో రోజుకు అయిదు మాటలు ఖర్చవుతాయి.

"తిన్నవా?"

"తిన్న."

"పోతున్న."

"మంచిది."

"తలుపేస్కో."

పండగనాడు ఆరు.

బాపు చేపలు పడతాడు. ఏటా వానలు తగ్గాక తన ఫైబర్ పడవను టెంపోకెక్కించి, దూరంగా డ్యాం నీళ్ల మీదికి పోతాడు. నాలుగు నెలలు రాడు. ఈసారి పోయేలోపు ఆయన నోటినుంచి ఒక్క పూర్తి వాక్యం రాబట్టాలని నేను పంతం పట్టాను. "మంచిగేసినవ్ బిడ్డ" అంటే చాలు. అందుకే బాపు భోకర్‌లో పెండ్లికి పోయిన మూడు రోజుల్లో, వాకిట్లో వెలిసిపోయి పడున్న పడవకు రంగు వేయాలనుకున్నాను.

రంగుల దుకాణపు మరాఠీ ఆయన పెద్ద డబ్బా, చిన్న సీసా చేతిలో పెట్టి, "తాయీ, హే త్యాత్ మిసళా" అన్నాడు. రంగు గట్టిపడాలంటే దీన్ని దాంట్లో కలపాలట. ఎంత కలపాలి? అడగాలి. కానీ నా వెనక ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నోరు తెరవడం కన్నా వరద గోదావరి ఈదడం సులువు. "హో" అని తలూపి వచ్చేశాను.

పల్లీల పొట్లం కాగితం కూడా వదలకుండా చదివే మనిషిని, ఆ డబ్బా మీది నాలుగు ముక్కలు చదవలేదు. ఎందుకంటే నాకు తెలుసు కదా! కొంచెం వేస్తే మొత్తం గట్టిపడేది ప్రపంచంలో ఒకటే ఉంది. గిన్నెడు పాలకు చెంచాడు తోడంటు. డబ్బా గిన్నె కన్నా పెద్దది కాబట్టి ధారాళంగా రెండు చెంచాలు పోశాను.

పడవను గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతలు వేశాను. ఆకాశానికి చెల్లెలిలా ఉంది. మర్నాడు సాయంత్రం ముచ్చటపడి పడవ ముక్కు మీద అరచెయ్యి పెట్టాను. పడవ నా చెయ్యి వదల్లేదు. గుంజుకుంటే అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి. చలికి పెరుగు కూడా ఆలస్యంగానే పేరుకుంటుంది కదా అని మనసుకు చెప్పుకుని, అచ్చు మీద బంతిపూల దండ వేశాను.

పొద్దున బాపు ఒక్కడే రాలేదు. పన్నెండు మంది చుట్టాలతో దిగాడు. పడవ బయటికి పోయేముందు ఆడవాళ్లు దాని ముక్కుకు పసుపు కుంకుమ పెట్టాలి, అందరూ రెండు చేతులతో తాకి కళ్లకద్దుకోవాలి. మాలో అది రివాజు. బాపు పడవను చూశాడు. నోరు తెరిచాడు. నా వాక్యం ఆయన పెదాల దాకా వచ్చింది. అంతలో పెద్దమ్మ ముందుకొచ్చింది.

"ముట్టకుండ్రి" అనాలి. ఒక్క మాట. మా ఇంటి ఖర్చులో అయిదో వంతు. గొంతు దాటలేదు.

పెద్దమ్మ రెండు చేతులూ ఆనించి, కళ్లకద్దుకుని, అలవాటుగా ముక్కు గోక్కుంది.

"ఓ పిల్లా! ఇదేందే, పడవ నన్ను పట్టుకుంటాంది!"

"ఏంగాదు తియ్ అక్క" అని మా మామ కూడా చేతులు పెట్టి, మీసం దువ్వుకున్నాడు. నీలి మీసం. "పడవకు మనం మొక్కుడు చూసిన గని, పడవ మనకు బొట్టు వెట్టుడు ఇయ్యాలనే చూస్తున్న!"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మావాళ్లు చేతులు అంటుకున్నాక తోరణం మామిడాకులు తెంపి తుడుచుకున్నారు. మా కోడి ఒకటి సగం నీలంగా వీధిలోకి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ముఖం చూపించలేదు.

"సీసలది ఎంత కలిపినవే?" అన్నాడు మామ.

"రెండు చెంచాలు."

"సీసడంత పొయ్యాలెనే! పాలనుకున్నవా గది?"

నేను తలూపాను. పన్నెండు మంది నవ్వు. బాపు నవ్వలేదు, తిట్టలేదు. లోపల్నుంచి ఖుర్పీ తెచ్చి గోకడం మొదలుపెట్టాడు. రెండు రోజులు గోకాడు. నేను కిటికీ లోంచి చూశాను. ఆ రెండు రోజులు మా మాటలు మూడుకు పడిపోయాయి.

కాబట్టి గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బర్రె ఇవ్వని ఏ పదార్థానికీ ఇకమీద తోడంటు వేయను. ఏ డబ్బానైనా పైనుంచి కింది దాకా చదవనిదే మూత తీయను.

పడవ టెంపో ఎక్కిన రోజు బాపు ఆ ఎండిన దండను తీశాడు. చుట్టూ అంతా గోకేసి ఉంది. మధ్యలో నా అరచెయ్యి, అయిదు వేళ్లూ, నీలంగా, చెక్కుచెదరకుండా. ఆ అచ్చు దండ కింద ఎందుకుందో ఆయన అడగలేదు. నేను తల దించుకున్నాను. అమ్మ పోయాక మా ఇంట్లో వినబడ్డ అన్నిటికన్నా పొడుగు మాట, టెంపో కదులుతుంటే:

"గిదొక్కటి గోకలే బిడ్డ. నాలుగు నెల్లు నీళ్ల మీద ఒక్కన్నే ఉంటనాయె, గీ చెయ్యితోటి మాట్లాడుకుంట పోత."