చిన్న రైలెక్కిన వదిన

మంగళవారం పొద్దున్న ఆఫీసుకు బయల్దేరుతుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. పిస్కాటవేలో మా ఇంటి నుంచి ఎడిసన్‌లో వదిన ఉన్న ఆస్పత్రికి పావుగంట దారి. దారంతా ఏడుస్తూనే డ్రైవ్ చేశాను. రెండేళ్ళుగా భయపడుతూ ఎదురుచూస్తున్న కబురే. తెలిసినంత మాత్రాన తేలికవుతుందా?

సాయంత్రాలు ఎడిసన్ స్టేషన్‌లో సల్వార్ మీద మగవాళ్ళ స్వెటర్ వేసుకుని, ఎక్కకుండా దిగకుండా నిలబడ్డ ఒకావిడని మీలో ఎవరైనా చూసి ఉంటే, ఆవిడే మా వదిన. ఆఫీసు నుంచి వచ్చే అన్నయ్యని పికప్ చేసుకోవడానికి అరగంట ముందే వెళ్ళేది. ఆగకుండా దూసుకుపోయే రైళ్ళని చూసి, "ఇవి రైళ్ళేటి గుంటా? లోపల ఒక్క మొహమైనా కనిపించిందా?" అనేది. గుంటా అంటే వాళ్ళ వైపు పిల్లా అని. నాకు నలభై దాటినా ఆవిడకి నేను గుంటనే.

వదినది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. నౌపడా నుంచి గుణుపూర్ వెళ్ళే నేరోగేజ్ చిన్న రైల్లో టెక్కలి కాలేజీకి వెళ్ళొచ్చేది. ఎత్తు ఎక్కేచోట కుర్రకారు దిగి, కబుర్లు చెప్పుకుంటూ రైలు పక్కన నడిచి, మళ్ళీ ఎక్కేవాళ్ళట. మేం గుంటూరు వాళ్ళం, మెయిలూ ఎక్స్‌ప్రెస్సూ తప్ప ఎరగం. "మధ్యలో మీరు తోసేవాళ్ళా వదినా?" అని ఏడిపించేదాన్ని. "అవసరమైతే తోసేవాళ్ళమే" అని నవ్వేది.

ఆ లైను బ్రాడ్ గేజ్ చేస్తున్నారని కబురొచ్చినప్పుడు వదిన చివరిసారి ఎక్కి రావాలనుకుంది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, ఇప్పుడు దేశం దాటొద్దన్నాడు లాయర్. ఆఖరి రైలు కూత వాళ్ళ తమ్ముడు ఫోన్లో వినిపించాడు. "మంచిదేలే, ఊరికి పెద్ద రైలొస్తాది" అంది. ఆ పూట అన్నం తినలేదు.

తరవాత జబ్బు బయటపడింది. కీమో నీరసంతో పడుకుని టీవీ చూస్తుంటే, మధ్యధరా సముద్రంలో సార్డీనియా అనే దీవిలో, కొండల మీద ఇంకా నేరోగేజ్ రైళ్ళు తిరుగుతున్నాయని చూపించారట. వెంటనే నాకు ఫోన్ చేసింది. "కాస్త తేరుకున్నాక వెళ్దాం" అన్నాడు అన్నయ్య. "ఆ రైలాగుతాదో, నేనాగుతానో, ఏది ముందో తెలీదు కదా" అంది వదిన. మర్నాడే డాక్టర్ని అడిగాం. ఒంట్లో తెల్లకణాలు తక్కువున్నాయి, చిన్న గాయం కూడా కానివ్వొద్దని చెప్పి డాక్టర్ ఒప్పుకున్నాడు. పిల్లల కోసం అన్నయ్య ఆగిపోయాడు. నేను తోడు వెళ్ళాను.

తీరా వెళ్తే, రైలు చెడిపోయింది, బస్సెక్కండి అన్నారు స్టేషన్లో. వదిన ఎక్కలేదు. "బస్సెక్కడానికి ఇంత దూరం వచ్చానా?" అని బెంచీ మీద కూర్చుంది. ఆ రాత్రి ఆ ఊళ్ళోనే ఉండిపోయాం. రేపు కూడా రైలు రాకపోతే ఈవిడని ఎలా వెనక్కి తీసుకెళ్ళాలా అని నాకు ఒకటే బెంగ.

పొద్దున్నే వచ్చింది. ఒకే ఒక్క పెట్టె, డీజిల్ బండి. వదిన వంగి, పట్టాల మధ్య జానలతో కొలిచింది. "మాదానికన్నా ఓ జానెడు ఎక్కువ. పర్లేదు" అని ఎక్కింది.

బండి కొండలెక్కుతుంటే కిటికీలోంచి మొహం బయటపెట్టి కూర్చుంది. నాకు కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ఏదో చిన్న హాల్టు దాటి బండి కదులుతోంది, పక్క సీట్లో వదిన లేదు. చూస్తే వెనక కంచె దగ్గర నిలబడి నాగజెముడు పళ్ళు కోస్తోంది. ఆపండని అరిచాను. గార్డుకి నా ఇంగ్లీషు అర్థం కాలేదు. ఈలోగా బండి మలుపు తిరిగింది. ఫోన్లో సిగ్నల్ లేదు. అన్నయ్యకి ఏం చెప్పాలి?

అదృష్టం బాగుండి ముందు గొర్రెల మంద అడ్డొచ్చి బండి ఆగింది. నేను దిగేలోగా మలుపులోంచి వదిన కనిపించింది. పట్టాల వెంట నిదానంగా నడిచొస్తోంది. స్కార్ఫ్ జారి బోడితల ఎండలో మెరుస్తోంది. చున్నీ కొంగులో పళ్ళు, పెదాలు ఎర్రగా. గార్డు చెయ్యందించి పైకి లాగాడు.

"ఎందుకు దిగావు వదినా?"

"ఎత్తు కదా, నెమ్మదిగానే పోతాదనుకున్నాను. మా లైన్లో ఇలగే దిగేవాళ్ళం."

ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి నాకు. ఆవిడ అరచేతి నిండా నూగులాంటి సన్నటి ముళ్ళు. డాక్టర్ మాట గుర్తుచేసి తిట్టాను. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బ్యాగులో ఉన్న ప్లక్కర్‌తో ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. సగం దాకా తీయనిచ్చింది. తరవాత మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కొన్ని ఉండనీ గుంటా. ఇంటికెళ్ళాక గుచ్చుకుంటుంటే, ఎక్కాననే గుర్తుంటాది."

అన్నయ్య ఫోన్‌కి ముందు రోజు, సోమవారం సాయంత్రం, ఆస్పత్రిలో ఆవిడ పక్కన కూర్చున్నాను. మాట లేదు, నిద్రో మగతో తెలియదు. ఆ చెయ్యి మళ్ళీ నా ఒళ్ళోకి తీసుకున్నాను. నాకు తెలియకుండానే నా బొటనవేలు ఆ అరచేతిలో ముళ్ళ కోసం తడుముతోంది. ఎక్కడా గుచ్చుకోలేదు. అరచెయ్యి మెత్తగా, వెచ్చగా ఉంది.