దేనికిచ్చారు మాస్టారు

మాస్టారి చేతిలో మీరేది పెట్టినా, అది గొడుగు కానివ్వండి, గ్లాసుడు మంచినీళ్ళు కానివ్వండి, పుచ్చుకునే ముందు ఆయన అడిగేది ఒకటే మాట: "దేనికిచ్చారు?" వానకని ఇస్తే ఆ గొడుగు ఎండలో చచ్చినా తెరుచుకోదు. తాగడానికని ఇస్తే ఆ నీళ్ళతో చెయ్యి కడుక్కోరు, మోచేతి దాకా సుద్ద అంటుకున్నా సరే. ప్రభుత్వ సంస్థలకీ, లాభం చూసుకోని ధర్మసంస్థలకీ లెక్కలు ఎలా రాయాలో సాయంత్రం తరగతుల్లో చెబుతుంటారాయన. ఏళ్ళ తరబడి అదే పాఠం చెప్పి చెప్పి, ఆ పాఠం పుస్తకంలోంచి లేచొచ్చి ఆయన ఒంట్లో కాపురం పెట్టేసింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏనాడో అరిగిపోయి, ఊరందరి నోటా "దేనికిచ్చారు మాస్టారు" అయి కూర్చున్నారు.

చిన్న టీచరు ఆ తరగతిలో చేరింది సరదాకి కాదు. చెవులు వినపడని పిల్లల కోసం వాళ్ళక్క ఒక బడి నడుపుతోంది. పాఠాలు అక్క చూసుకుంటుంది. తక్కినవన్నీ చెల్లెలివి, అంటే లెక్కలు, కారే కప్పు, బడి వ్యాను, వ్యాను డ్రైవరు కోపం. కిందటేడు వచ్చిన ఆడిటరు ఆమె రాసిన లెక్కలు చూసి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత మెల్లిగా, "అమ్మా, మీరు చాలా మంచివాళ్ళు. ఎక్కడైనా నేర్చుకోండి" అన్నాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

మొదటిరోజు ఆమె బుద్ధిగా ముందు వరసలో, మంచి మెత్తకుర్చీ చూసుకుని కూర్చుంది. మాస్టారు లోపలికొచ్చి ఆమెనీ కుర్చీనీ మార్చి మార్చి చూశారు.

"ఆ కుర్చీ దేనికిచ్చారో తెలుసా అమ్మా?"

"కూర్చోడానికి కాదాండీ?"

"వినికిడి తక్కువున్న విద్యార్థుల కోసం ఒక దాత ఇచ్చాడు."

"మా బడిలో పిల్లలెవరికీ వినపడదండీ" అంది ఆశగా.

"మీకు?"

"వినపడుతుంది."

"అయితే వెనక్కి."

వెనకున్నవి ఇనుప బల్లలు. అక్కడే మున్సిపాలిటీ నీళ్ళ పన్ను గుమాస్తా కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఈ తరగతి చివర పెట్టే పరీక్ష తప్పడం ఇది ఎన్నోసారో ఆయనకే గుర్తులేదు. "కొత్తా? అలవాటైపోతుందిలెండి. నాకు ఈయన కల్లోకి కూడా వస్తాడు" అని ధైర్యం చెప్పాడు.

పాఠం మాత్రం మాస్టారు అద్భుతంగా చెప్పేవారు. "వ్యాపారస్తుణ్ణి 'లాభమెంత?' అని అడుగుతారు. మనల్ని అలా అడిగేవాడు లేడు. 'నేనిచ్చింది దేనికి వాడావు?' అని అడుగుతాడు మనకి డబ్బిచ్చినవాడు. అందుకే ఇక్కడ డబ్బంతా ఒక్క సంచిలో పొయ్యకూడదు. ఒక్కో పనికి ఒక్కో నిధి, దేని గోడ దానికి. రోడ్డు నిధిలోంచి ఛైర్మన్ గది ముందు పూలకుండీలు పెడితే ఏమవుతుంది?"

"అందంగా ఉంటుందండీ" అన్నాడు గుమాస్తా.

"తప్పు!"

"పోనీ, రోడ్డు పక్కన పెడితే?"

మాస్టారు సుద్దముక్కతో గురిచూసి కొట్టబోయి, చెయ్యి ఎత్తినట్టే ఎత్తి ఆగిపోయారు. సుద్ద ఇచ్చింది రాయడానికి. గుమాస్తా అలా ఎన్నోసార్లు బతికిపోయాడు.

ఒకసారి సందేహం అడగడానికి చిన్న టీచరు మాస్టారింటికి వెళ్ళింది. మాస్టారి భార్య ఆమెను కూర్చోబెట్టి, ఎవరు దొరుకుతారా అని ఎదురుచూస్తున్నట్టు మొదలుపెట్టింది.

"మా తమ్ముడు ఒక మంచి రగ్గు ఇచ్చాడమ్మా, చుట్టాలొస్తే కప్పుకోడానికని. ఆ శీతాకాలం ఈయనకి జ్వరం. మంచం కాళ్ళు టకటకలాడేలా వణుకుతున్నారు. రగ్గు పక్కనే ఉంది. కప్పుకోమంటే, 'అది చుట్టాలకిచ్చింది' అంటారు!"

"అయ్యో! మరేం చేశారండీ?"

"ఏం చేస్తాను? చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి తలుపేశాను. ఆయన పాపం తలుపు తట్టారు. 'ఎవరండీ?' అన్నాను. కాసేపు ఆలోచించుకుని, 'చుట్టాన్ని' అన్నారు. 'రండన్నయ్యగారూ' అని లోపలికి తీసుకొచ్చి రగ్గు కప్పాను."

మాస్టారు పక్కగదిలోంచి, "అన్నయ్యగారూ అనకుండా ఉండాల్సింది" అన్నారు.

ఇలా నవ్వుకుంటూ చదువు సాగుతుండగా బడి వ్యాను చచ్చిపోయింది. ఇంజను మార్చాలన్నారు. బడేమో ఊరి చివర. దూరం నుంచి వచ్చే పిల్లలు ఇళ్ళల్లో ఉండిపోయారు. చేతులతో మాట్లాడేవాళ్ళు ఆ పిల్లలకి బడిలో తప్ప ఇంకెక్కడా లేరు. వ్యాను లేకపోతే వాళ్ళకి చదువే కాదు, కబుర్లు కూడా లేనట్టే.

బ్యాంకులో డబ్బు లేకపోలేదు. ఇనుపకొట్టు షావుకారు వాళ్ళమ్మ పేరుమీద బడి గేటుకి పెద్ద ఆర్చి కట్టించమని ఇచ్చిన సొమ్ము అలాగే ఉంది. మర్నాడు తరగతిలో చిన్న టీచరు లేచి నిలబడి అడిగింది.

"మాస్టారూ, ఒక నిధిలో డబ్బు ఊరికే పడుందనుకోండి. అవసరం ఇంకోచోట ఉంది. వాడుకుంటే?"

"దేనికిచ్చారు?"

"ఇనుపకొట్టు షావుకారుగారు వాళ్ళమ్మ పేరున ఆర్చికిచ్చారండీ."

"అయితే ఆర్చికే."

"ఆర్చి కిందనుంచి లోపలికి రావడానికి పిల్లలుండాలి కదండీ!"

"నిజమే."

"మరి?"

"ఆర్చికే. చూడండమ్మా, ఇచ్చినవాడి మాట..."

ఆమె తక్కింది వినలేదు. సంచీ భుజాన వేసుకుని విసవిసా వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి అక్క దగ్గర ఒకటే మంట. "ఆయనకి గుండె లేకపోలేదక్కా, ఉంది! కానీ దాన్ని రక్తం ఆడించడానికి మాత్రమే ఇచ్చారట, ఇంక దేనికీ వాడడు!"

ఆమె తరగతులు మానేసింది. అలా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం షావుకారు రొప్పుకుంటూ బడికొచ్చి, అక్కాచెల్లెళ్ళ ముందు కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరండీ ఆ మనిషి? నా ప్రాణం తోడేశాడు!"

"ఏ మనిషండీ?"

"సన్నగా, పొడుగ్గా, జేబునిండా సుద్దముక్కలు. కొట్లోకొచ్చి నిలబడ్డాడు. కూర్చోండి అన్నాను. 'ఈ కుర్చీలు దేనికి?' అన్నాడు. కొనుక్కునేవాళ్ళకన్నాను. 'నేను కొనడానికి రాలేదు' అని నిలబడే ఉన్నాడు. మర్నాడూ అంతే. పెద్దమనిషి అలా నిలబడితే నేనెలా కూర్చుంటానండీ? నేనూ నిలబడ్డాను. నాకసలే మోకాళ్ళ నొప్పులు! ఆఖరికి ఒక బోల్టు అంటగట్టి కూర్చోబెట్టాను."

చిన్న టీచరు నోరు తెరుచుకుని వింటోంది.

"కూర్చున్నాక అడిగాడు. 'ఆర్చిమీద మీ అమ్మగారి పేరు దేనికి?' పదిమందీ చూడాలని అన్నాను. 'ఆ గేటు దగ్గర నిలబడి చూశాను. అటు వచ్చేవి ఎక్కువగా మేకలు' అన్నాడు. మా అమ్మ పేరు మేకలు చదవాలా అని నాకు అన్నం సయించలేదండీ! తర్వాత, 'మీ అమ్మగారు ఎలాంటి మనిషి?' అన్నాడు. అమ్మ సంగతి నన్నెవరూ అడిగి ఎన్నేళ్ళయిందో! అమ్మకి కాలు ఒకచోట నిలిచేది కాదండీ. పొద్దున్నే వీధిలో పిల్లలందర్నీ పోగేసి బళ్ళో దింపి వచ్చేది. అదే చెప్పాను. అంతా విని ఏమన్నాడో తెలుసా? 'మరి ఆవిడ పేరున కదలని ఆర్చి ఇచ్చారేం?' అన్నాడు."

షావుకారు జేబురుమాలు తీసి ముక్కు గట్టిగా చీదాడు.

"ఆ డబ్బుతో వ్యాను బాగుచేయించండి. నాలుగు వైపులా అమ్మ పేరు రాయించండి. కప్పుమీద కూడా. మేడలమీదవాళ్ళు చూడొద్దూ? ఇదంతా నోటిమాటగా చెబితే చెల్లదని, కాగితంమీద సంతకం కూడా పెట్టించుకున్నాడు. ఇదుగో!"

ఆ సాయంత్రం చిన్న టీచరు తరగతికి పరిగెత్తింది. మాస్టారు బోర్డు తుడుస్తున్నారు.

"ఆయన దగ్గరికి వెళ్తున్నానని నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదండీ!"

"ఆయన ఒప్పుకోకపోతే? మీరు ఫీజు కట్టింది పాఠానికమ్మా, ఆశపెట్టడానికి కాదు."

"మరి ఆర్చికే, ఆర్చికే అని అంత పట్టుబట్టారే!"

"ఇచ్చినవాడి మాట మార్చే హక్కు మనకి లేదు, ఇచ్చినవాడికుంది. వెళ్ళి అడగొచ్చు. పాఠంలో తర్వాతి వాక్యం అదే. మీరే మధ్యలో లేచిపోయారు."

"నేను విన్నాను, రాసుకున్నాను కూడా" అన్నాడు గుమాస్తా గర్వంగా. చదువులో ఆయన ఒకరికంటే ముందుండడం అదే మొదటిసారి.

వ్యాను మళ్ళీ బయల్దేరిన రోజు మాస్టారు బడి దగ్గరికొచ్చారు. లోపలికి మాత్రం రాలేదు, గేటు బయటే నిలబడ్డారు. డ్రైవరు, "ఎక్కండి సార్, ఒక రౌండు తిప్పుతాను" అన్నాడు. మాస్టారు చూపుడువేలు అటూ ఇటూ ఆడించి, అది పిల్లలకిచ్చిందని చెప్పి, ఆ వేలితోనే ముక్కు గోక్కున్నారు. కిటికీల్లోంచి చూస్తున్న పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. ఇంకాసేపటికి వ్యానులో అందరూ వేలు ఆడించి, ముక్కు గోక్కుంటూ కిందామీదా పడి నవ్వుతున్నారు.

"ఏమిటమ్మా అది?" అన్నారు మాస్టారు.

"మీకు పేరు పెట్టారండీ. మన పేర్లు వాళ్ళకి వినపడవు కదా! నచ్చినవాళ్ళకి చేతుల్తో ఇలా ఒక గుర్తు ఇస్తారు."

"దేనికిచ్చారు?"

"మిమ్మల్ని పిలుచుకోడానికి."

"ఇంకెవరికైనా వాడతారా?"

"మీ ఒక్కరికే."

మాస్టారు చొక్కా సర్దుకున్నారు. తర్వాత వ్యాను వైపు తిరిగి, పాఠం ఒప్పజెప్పే కుర్రాడిలా జాగ్రత్తగా వేలు అటూ ఇటూ ఆడించి, ముక్కు రెండుసార్లు గోక్కున్నారు. రెండుసార్లు కాదు, ఒక్కసారేనని వ్యాను నిండా వేళ్ళు ఆయన్ని సరిదిద్దాయి.