కొబ్బరినూనెకు దగ్గరి దారి

పక్కింట్లో ఎవరో కొబ్బరినూనె వేడి చేస్తున్నారు. ఆ వాసనకు అందరికీ తలంటు గుర్తొస్తుందేమో, నాకు మాత్రం వికారాబాద్‌లో పిల్లల డాక్టరుగా పనిచేసిన వనజ గారు గుర్తొస్తారు. పొట్టి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరనే ఉండేది. వచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళు ఇప్పించి, ఆ తర్వాతే రోగం సంగతి అడిగేవారు. ఇప్పుడు వైద్యం మానేసి చెల్లెలి ఊరికి వెళ్ళిపోయారు. ఆవిడ లేకపోతే నా కూతురు ఏమయ్యేదో ఊహించడం కూడా నాకిష్టం లేదు.

మాది తాండూరులో కందుల వ్యాపారం చేసే ఇల్లు. పాపకు పుట్టినప్పుడు వచ్చిన కామెర్లు తగ్గనే లేదు. హైదరాబాద్‌లో పరీక్షలన్నీ చేసి, ఆపరేషన్ అక్కర్లేదు, కాలేయం మెల్లగా తేరుకుంటుంది, అంతవరకు బరువు పెరగడం ముఖ్యమన్నారు. ఆ బరువే పెరగలేదు. పప్పన్నం తినే వయసొచ్చినా చేతులు పుల్లల్లాగే ఉండేవి. మా అత్తమ్మ ఊరుకునే మనిషి కాదు. బంట్వారం నుంచి బర్రె నెయ్యి తెప్పించి ముద్దముద్దకూ పోసేది. బక్కపిల్లకు మా ఇంట్లో తెలిసిన మందు అదొక్కటే. పాప తిన్నదంతా తెల్లగా, జిడ్డుగా విరేచనమయ్యేది. మర్నాడు అత్తమ్మ ఇంకో చెంచా పెంచేది. పిల్ల దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది.

చివరికి ముగ్గురం వికారాబాద్ బస్సెక్కాం. డాక్టరమ్మ పాప పొట్ట నొక్కి చూసి, "దొడ్డికి ఏ రంగుల పోతుందమ్మా?" అని అడిగారు.

"సున్నం లెక్క తెల్లగ పోతది. నెయ్యి మస్తు పోస్తున్న డాక్టరమ్మా, ఒంటికే పడ్తలేదు," అంది అత్తమ్మ.

"నెయ్యి కడుపుల కలవాలంటే కాలేయంకెల్లి పసరు, గదే పైత్యరసం, దిగాలె. సబ్బు లేకుంట గిన్నె జిడ్డు పోతదా? గిది గూడ గంతే. బిడ్డకు పసరు తక్కువ దిగుతుంది. నెయ్యి ఎట్ల పోస్తే అట్లనే బయటికొస్తుంది."

"మరేం పొయ్యాలె?"

"కొబ్బరినూనె. అండ్ల కొంత కొవ్వు పసరు కోసం ఆగది. పేగులకెల్లి సీదా కాలేయానికే పోతది."

అత్తమ్మ ముఖం అప్పుడు చూడాలి. "నెత్తికి పెట్టే నూనె బువ్వల పోస్తరా! ఊరోళ్ళు నవ్వరా?"

"నవ్వనియ్యుండ్రి. బిడ్డ బొద్దుగైనంక మనం నవ్వుదం."

తలకు రాసేది కాదు, వంటకు వాడేదే కొనాలన్నారు. మామూలు వంటనూనె కూడా కొంచెం ఉండాలి, విటమిన్ చుక్కలు మానకూడదని మరీ మరీ చెప్పారు. అత్తమ్మ ఏమీ వినడం లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "అయితే నా చేతులతోనే బిడ్డను ఖరాబ్ చేసిన్నా?" అంది.

డాక్టరమ్మ లేచి వచ్చి ఆ చేయి పట్టుకున్నారు. "గీ చెయ్యి బువ్వ పెట్టిందమ్మా. రేపటిసంది గీ చెయ్యే కొబ్బరినూనె పొయ్యాలె. ఆ పని ఇంకొకరికి ఇయ్యకుండ్రి."

వంటకు వాడే కొబ్బరినూనె తాండూరులో ఎక్కడా దొరకక హైదరాబాద్ నుంచి తెప్పించాం. అత్తమ్మ మొదట్లో ముక్కు చిట్లిస్తూనే పోసింది. పాప బరువు కొద్దికొద్దిగా పెరిగింది. కొన్ని నెలలు గడిచాక ఒక ఉదయం పెరట్లోంచి కేక. "పచ్చగ పోయింది! నా బంగారు తల్లి పచ్చగ పోయింది!" పాప దొడ్డికి పోయిన గుడ్డను జెండాలా పట్టుకుని అత్తమ్మ వీధిలోకి వెళ్తుంటే పక్కింటావిడ ముక్కు మూసుకుని మరీ వచ్చి చూసింది. నేను గడప మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను. ఫోన్ చేస్తే డాక్టరమ్మ, "పసరు దిగుతుంది, ఇగ ఫికర్ లేదు. ముందుగాల ఆ గుడ్డ ఉతుకుండ్రి," అన్నారు.

పాప ఇప్పుడు బడికి వెళ్తోంది. పరుగెత్తితే నాకు అందదు. ఎవరింట్లో పిల్ల చిక్కిపోయినా, తినిపించే మనిషిని తప్పుపట్టే మాట నా నోట రాదు. ఆ రోజు డాక్టరమ్మ గట్టిగా ఒక్క మాట అని ఉంటే, అత్తమ్మ మళ్ళీ పాప కంచం ముట్టుకునేది కాదు. ఆ రోజుల్లో పాప నానమ్మ చేతి ముద్దకు తప్ప ఇంకెవరికీ నోరు తెరిచేది కాదు.