తార్నాక చాక్‌పీసుల ఫ్యాక్టరీ

పేదవాళ్లను ఉద్ధరించబోయి వాళ్లను లాకప్‌లో కూర్చోబెట్టిన మహానుభావురాలిని మీరెప్పుడైనా చూశారా? లేకపోతే ఇప్పుడు చూడండి. నేనే.

అప్పట్లో నేను ఎం.ఏ. ఆర్థికశాస్త్రం చదువుతున్నాను. నల్లకుంట నుంచి రోజూ బస్సులో యూనివర్సిటీకి వెళ్లేదాన్ని. పేదరికం మీద వ్యాసం రాసి ప్రైజు కొట్టేసరికి, దాన్ని దేశం నుంచి తరిమేసే బాధ్యత నా ఒక్కదాని నెత్తినే ఉందనిపించింది.

తార్నాక దగ్గర రైలు పట్టాల పక్కన, కరువుకు తట్టుకోలేక పాలమూరు నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు గుడిసెలు వేసుకున్నాయి. క్యాంపస్ భవనాలకు కంకర కొట్టేవాళ్లు. ఆ పనీ ఆగిపోయి గంజినీళ్లతో గడుపుతున్నారు. బాలమ్మ అనే ముసలావిడ, ఆమె కొడుకు ఎల్లయ్య అందరికీ పెద్దదిక్కు.

నేనూ, కెమిస్ట్రీ చదివే నా స్నేహితురాలు సుశీలా వెళ్లి బాలమ్మ ముందు కూర్చున్నాం.

"పెద్దమ్మా, మీతోని ఫ్యాక్టరీ పెట్టిస్తం," అన్నాను.

"ఏం ఫ్యాక్టరీ బిడ్డా?"

"చాక్‌పీసులు. బడిల పంతులు రాసే సుద్దముక్కలు."

"గవి ఎవరు కొంటరు?"

"లోకంల చదువున్నన్ని దినాలు గిరాకే పెద్దమ్మా!"

సుశీల తెల్లపొడి తెచ్చింది. నేను వడ్రంగితో అచ్చులు చేయించాను. మొదటి విడత చాక్‌పీసులు దొండకాయల్లా వంకర తిరిగాయి. రెండో విడత ముట్టుకుంటే మరమరాల్లా నలిగాయి. చివరికి ఎలాగో తెల్లగా, నిటారుగా వచ్చాయి. మా లెక్చరర్ గారు డిపార్ట్‌మెంటుకు కొంటామన్నారు. గోనెసంచులు రిక్షాలో వేసుకుని మహారాణిలా వెళ్లాను. గేటుకు తాళం. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మొదలైంది, కాలేజీలు బంద్. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అంటూ నెలలు గడిచాయి. ఊరు మొత్తం మీద నల్లబల్ల మీద గీత గీసేవాడు లేడు. గుడిసెల్లో మనుషులకు చోటు లేకుండా చాక్‌పీసులు, పొయ్యి మీద మాత్రం ఏమీ లేదు.

అప్పుడు దేవుడు పంపినట్టు కాలేజీ కుర్రాళ్లు కొందరు వచ్చారు.

"అక్కా, మొత్తం మాకియ్యి. ఇంకా చేపియ్యి!"

రొక్కం చేతిలో పెట్టి సంచులన్నీ ఎత్తుకుపోయారు. ఎందుకని అడగలేదు. వ్యాపారంలో కొనేవాణ్ణి ప్రశ్నించకూడదని పుస్తకంలో చదివాను కదా! ఆ పూట గుడిసెల్లో మాంసం ఉడికింది. బాలమ్మ నా బుగ్గలు నిమిరింది.

మర్నాడు తార్నాక తెల్లబడింది. గోడల మీద నినాదాలు, రోడ్డు మీద నినాదాలు, ఆఖరికి అడ్డంగా పడుకున్న గేదె మీద కూడా. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేసరికి రాసినవాళ్లు చేతులు కడుక్కుని ఎటో పోయారు. మా వాళ్లు మాత్రం మోచేతుల దాకా సుద్దతో కొత్త విడత పోస్తున్నారు. అందరినీ వ్యానెక్కించారు.

సంగతి తెలిసి నేను ఠాణాకు పరుగెత్తాను. ఇన్‌స్పెక్టర్ బాలమ్మను నిలదీస్తున్నాడు.

"గోడల మీద ఏం రాసినవ్?"

"నాకు రాయరాదు సారూ."

"మరి చేతులకు ఈ తెలుపేంది?"

"సార్, ఆ ఫ్యాక్టరీ నాది," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఫ్యాక్టరీకి ఓనరా? ఇంటికి పోమ్మా, మీ నాయన పరువు తియ్యకు," అన్నాడు.

ఎల్లయ్యను అప్పటికే కొట్టారు. అతని కుడి చెయ్యి వాచి, వేలాడుతోంది. కంకర కొట్టే చెయ్యి. ఇకమీదట గోడల మీద రాతలు రాయబోమని ఒక కాగితం రాసి, అక్షరం ముక్క రాని వాళ్లందరి చేతా వేలిముద్రలు వేయించుకుని వదిలారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను ముక్కు చీదుకున్నాను.

తిరిగి వచ్చేసరికి గుడిసెలు పీకేసి ఉన్నాయి. మిగిలిన సామాను మూటలు కట్టుకుని, సొంతూరికి పోదామని అందరూ మల్కాజ్‌గిరి స్టేషన్‌కు నడిచారు. నేనూ వెంట వెళ్లాను.

"ఊర్ల వానలు పడ్డయా పెద్దమ్మా?"

"పడలే. గాడ పోలీసులన్న ఉండరు."

ఎల్లయ్య నా వైపు చూడలేదు. రైలు కూత వినిపించాక బాలమ్మే అడిగింది.

"ఇంకేమన్న ఫ్యాక్టరీ పెడ్తవా బిడ్డా?"

"పెట్టను పెద్దమ్మా. బతికున్నన్ని దినాలు ఎవ్వరినీ బాగుచెయ్యను. ఒట్టు!" అంటూ ఆమె తల మీద చెయ్యి వేయబోయాను.

బాలమ్మ గబుక్కున వెనక్కి జరిగింది.

"నా నెత్తి మీద వద్దు తల్లీ. నీ నెత్తి మీదనే పెట్టుకో."