గంజి పెట్టిన గుడ్డ

పాపకు మొలకెత్తిన రాగుల పిండితో జావ పెట్టమని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి రోజూ కాస్తూనే ఉన్నాను గానీ, ఈ సాయంత్రం సన్నని సెగ మీద ఉంచితే, చిక్కబడాల్సిన జావ నేను చూస్తుండగానే పలచబడి, తియ్యటి వాసన వచ్చేసరికి నా చెయ్యి గరిటె మీదే ఆగిపోయింది. పాప నిద్రపోయినా ఆ వాసన నన్ను వదల్లేదు. అందుకే రాస్తున్నాను.

మద్యనిషేధం పెట్టిన రోజుల్లో నేను బాపట్లలో బాబాయి ఇంట్లో ఉండి ఇంటర్ చదువుకునేదాన్ని. అమ్మానాన్నలు తెనాలిలో ఉండేవారు. బాబాయి కెమిస్ట్రీ లెక్చరర్. పాఠం చెబితే మరిచిపోలేం. సాయంత్రమైతే మాత్రం తాగేవాడు, తాగితే ఆ మనిషి కాదు. పిన్ని ముంజేతి మీద మచ్చ ఎలా వచ్చిందో అందరికీ తెలిసినా ఎవరమూ అడిగేవాళ్లం కాదు. దుకాణాలు మూతపడ్డాక ఆయన నెమ్మదించాడు, పిన్ని నెల తప్పింది, ఇక పీడ వదిలిందనుకున్నాం.

అలా అనుకుంటుండగా ఒకనాడు పెరట్లో గోనెపట్టా మీద తడి బార్లీ గింజలు కనిపించాయి. అవి మొలకలెత్తాక బాబాయి ఎండబెట్టి, మరపట్టించి, ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి వేణ్ణీళ్లలో కలిపి, గిన్నెకు దుప్పటి చుట్టి పక్కనే కూర్చున్నాడు.

"బీరంటే ఏంటనుకున్నావే, బార్లీ నీళ్లు. జొరమొచ్చినోళ్లకి డాక్టర్లే తాగమంటారు," అని నాతో నవ్వాడు. పిన్ని నవ్వలేదు.

గింజలోని పిండి చక్కెరగా మారితేనే అది పులిసి బీరవుతుందట. మారిందో లేదో చూడడానికి, నలకలు పడకుండా పాత పంచె గుడ్డలోంచి నాలుగు చుక్కలు తెల్ల సాసర్లోకి వడకట్టి, వాటి మీద అయొడిన్ వేసేవాడు. పిండి మిగిలి ఉంటే నల్లబడుతుంది, లేకపోతే గోధుమరంగుగానే ఉంటుంది. మొదటిసారి నల్లబడింది. ఎంతసేపు ఆగి చూసినా నలుపే. విసుగొచ్చి గిన్నెడూ చెట్ల పాదుల్లో పారబోశాడు.

సాసరు కడుగుతుంటే నాకు కారణం తట్టింది. పేరాల నేత పంచెలు పాతబడి పేలికలైనా సరే, గంజి పెట్టకుండా మడతపెట్టడం పిన్నికి అలవాటు లేదు. ఆ గంజే వేడికి కరిగి చుక్కల్లోకి దిగుతోంది. పిన్నికి చెవిలో చెప్పాను. ఆమె వాకిలి వైపు ఒకసారి చూసి, "మీ బాబాయికి చెప్పబాకమ్మా," అంది. అప్పటి నుంచి గంజి ఇంకా చిక్కగా కాచేది.

నలుపు వచ్చిన ప్రతిసారీ మేమిద్దరం ఊపిరి పీల్చుకునేవాళ్లం. బాబాయి మాత్రం పట్టు వదల్లేదు. బార్లీ మార్చాడు, నీళ్లు మార్చాడు. ఒక ఆదివారం సాసరు కేసి చూస్తూ, "నాతో ఎవరో ఆడుకుంటన్నారే," అన్నాడు మెల్లగా.

తర్వాత పిన్ని పురిటికి రేపల్లె వెళుతూ, వడకట్టే గుడ్డలన్నిటికీ గంజి పెట్టి వంటింటి గూట్లో దొంతరగా ఉంచి, ఇవే అందించమని నాకు మరీమరీ చెప్పింది. నేను చర్చిలో ఉన్న సమయంలో బాబాయికి ఆ గూడు కనబడలేదేమో, బీరువా తెరిచాడు. మా ఇంట్లో గంజి తగలని గుడ్డలంటూ ఉంటే అవి పుట్టబోయే బిడ్డకు ఒత్తుకోకుండా పిన్ని పాత చీరలు చించి, ఉతికి, తిరిగొచ్చాక వాడదామని మెత్తగా దాచినవే. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి వాటిలో ఒకటి ఆయన చేతిలో తడిసి ఉంది. సాసర్లో చుక్క గోధుమరంగుగానే నిలిచింది.

"ఇటు చూడవే అమ్మాయ్, మారింది," అన్నాడు పరీక్ష పాసైన పిల్లాడిలా.

పిన్ని నెలల బిడ్డతో తిరిగొచ్చేసరికి మంచం కింద సీసాలున్నాయి. ఆ ఇంట్లో ఆమె ఉన్నది ఆ కొద్ది వారాలే. మెడ మీద కొత్త దెబ్బతో, బిడ్డను భుజాన వేసుకుని రేపల్లె బస్సెక్కింది, మళ్లీ బాపట్ల గుమ్మం తొక్కలేదు.

కొంతకాలానికి నిషేధం ఎత్తేశారు, బాబాయికి ఇక గింజలు నానబెట్టాల్సిన పని లేకపోయింది. నిషేధం ఉన్న ఆ కొన్నాళ్లు మాత్రం మా వీధి ఆడవాళ్లు సాయంత్రాలు అరుగుల మీద కూర్చుని, ఏ అడుగుల చప్పుడుకూ ఉలిక్కిపడకుండా కబుర్లు చెప్పుకునేవాళ్లు. తెనాలిలో నేనిప్పుడు ఉంటున్న వీధిలోనూ అరుగులున్నాయి. చివర్న మందు దుకాణం ఉంది. పొద్దుగూకేసరికి అందరం తలుపులు మూసుకుంటాం.